మగ్గపు గుంట దగ్గరకు వచ్చిన మందుల సంచి

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో మగ్గమును నమ్ముకొని బ్రతుకుతున్న మన కుటుంబములలో ఇప్పుడొక దృశ్యము మామూలైపోయినది. నెలకో రెండు నెలలకో ఒకసారి, భుజాన సంచి వేసుకొన్న ఒక స్త్రీ వచ్చి గడపలో నిలబడుతుంది. పెద్దాయన నాడె ప్రక్కన పెట్టి గుంట అంచున కూర్చుంటాడు. ఆమె ఆయన చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు చూస్తుంది. వేలికొన నుండి ఒక చుక్క రక్తము తీసి చక్కెర చూస్తుంది. మాత్రలు లెక్కబెట్టి ఇచ్చి, పుస్తకములో వ్రాసుకొని, ప్రక్క ఇంటికి పోతుంది. అంతా పది నిమిషముల పని. పెద్దాయన మళ్ళీ గుంటలోకి కాళ్ళు దించుతాడు.

ఇంత చిన్న సంగతిని గూర్చి పత్రికలో వ్రాయవలెనా అని కొందరికి తోచవచ్చును. వ్రాయవలెననే మా అభిప్రాయము. మరొక మహమ్మారి వచ్చిననాడు మన ఇండ్లు ఎంతవరకు తట్టుకొని నిలువగలవో ఆ సంచియే తేల్చుతుంది. అది ఆగకుండా వస్తే ఒక దారి, ఆగిపోతే మరొక దారి. ఈ సంగతి మాకు 2020లో తెలిసివచ్చినది.

ఆ సంవత్సరము మార్చి 25న దేశమంతా మూతపడినది. అప్పటికి కృష్ణగిరి జిల్లాలో కరోనా కనిపించలేదు. ఏప్రిల్ 30న కేంద్ర ఆరోగ్యశాఖవారు దేశములోని జిల్లాలను ఎరుపు, నారింజ, పచ్చ అని మూడు రంగులుగా విభజించి జాబితా వేసినప్పుడు, తమిళనాడులోని 37 జిల్లాలలో పచ్చరంగు దక్కినది మన కృష్ణగిరికి ఒక్కదానికే. కొన్నాళ్ళు ఆ మాట గర్వముగా చెప్పుకొన్నాము కూడ. మే నెలలోనే ఆ రంగు పోయినది, అది వేరే సంగతి. కాని పచ్చగా ఉన్న ఆ అయిదు వారములలోనే మనవారి ఇండ్లలో జబ్బు ముదిరినది. అది కరోనా కాదు.

మాకు బాగా తెలిసిన ఒక నేతగాని ఇంటి సంగతి చెబుతాము. పేరూ ఊరూ వద్దు. ఆయనకు అరవై దాటినవి. ఏండ్ల తరబడి రక్తపుపోటుకు మాత్రలు వేసుకొంటున్నాడు. నెలకొకసారి బస్సెక్కి పట్నములో ఆసుపత్రికి పోయి, వరుసలో నిలబడి, మాత్రలు తెచ్చుకొనేవాడు. ఆ రోజు కూలి పోయినట్లే. బస్సులు ఆగిపోయినవి. ఎల్లకు ఆవల కర్ణాటక నుండి రావలసిన పట్టునూలు రాలేదు. నేసిన చీరలు తీసుకొని బెంగుళూరికి పోయే దారి లేదు. షావుకారు చేతులెత్తినాడు. అంగడిలో మాత్రలు కొనవలెనంటే చేతిలో పైకము లేదు. పెద్దాయన మొదట మాత్రను సగము చేసినాడు. తరువాత రోజు విడిచి రోజు వేసుకొన్నాడు. ఆ తరువాత అదీ లేదు.

"మాత్ర ఏసుకుంటివా మామా?" అని కోడలు అడిగేది.

"ఏసుకుంటి మ్మా" అనేవాడు.

మాత్రల అట్ట అప్పటికే ఖాళీ. అయిపోయిందని చెబితే కొడుకు ఎక్కడో అప్పు చేస్తాడని ఆయన భయము. జూన్ నెలలో ఒక ఉదయము మగ్గము మీద ఉండగానే కుడిచేయి తాడు వదలి జారిపోయినది. ప్రాణము దక్కినది, చేయి దక్కలేదు. ఆ ఇంటిలో కరోనా ఎవరికీ రాలేదు. ఆ సంవత్సరపు కరోనా లెక్కలలో ఆ చేయి ఎక్కడా చేరలేదు.

ఇటువంటిది మన దగ్గరనే జరిగినదని అనుకోనక్కరలేదు. 2014 మొదలు 2016 వరకు పశ్చిమ ఆఫ్రికాలో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశములను ఎబోలా జ్వరము పీడించినది. దానివలన చనిపోయినవారు 11,000 మందికి పైగా ఉన్నారు. అక్కడ పల్లె వైద్యశాలలు మొదటి దెబ్బకే మూతపడినవి. దాదులకు, నర్సులకు రోగము సోకినది. మిగిలినవారి దగ్గరకు పోవుటకు జనము జంకినారు. దానితో మలేరియాకు మందు లేక, కాన్పులకు సాయము లేక, పిల్లలకు టీకాలు లేక పోయిన ప్రాణములు ఇంకెన్నో. మహమ్మారి ఒక చేతితో కొట్టినది, మూసిన వైద్యశాల తలుపు రెండవ చేతితో కొట్టినది.

మన దేశములో ఈ చిన్న వైద్యశాలల కథ పాతదే. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షుడుగా 1943లో ఏర్పడిన సంఘము 1946లో నివేదిక ఇచ్చినది. 40,000 మంది జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని అందులో చెప్పినారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము మొదలైన తరువాత ఆ కేంద్రములు పల్లెలకు రాసాగినవి. నేటి లెక్క ప్రకారము మైదానములో 30,000 మందికి, కొండ ప్రాంతములో 20,000 మందికి ఒక కేంద్రము. దాని క్రింద 5,000 మందికి, కొండలలోనైతే 3,000 మందికి ఒక ఉపకేంద్రము. అంచెట్టి, తళి, దెంకణికోట వైపు అడవులు, కొండలు ఎట్లుండునో తెలిసినవారికి ఆ 3,000 అనే లెక్క కూడ ఎంత పెద్దదో తెలుసును. ఒక నర్సు ఒక పూటలో ఎన్ని గుట్టలు ఎక్కి దిగగలదు?

మద్రాసు రాష్ట్రమునకు ఈ విషయములో కొంత ముందుచూపు ఉన్నదనక తప్పదు. 1939లోనే ప్రజారోగ్య చట్టము చేసినారు. దేశములో అటువంటిది అదే మొదటిది. ఆసుపత్రులు నడిపే శాఖ వేరు, రోగము రాకుండ చూచే శాఖ వేరు అనే ఏర్పాటు నేటికీ తమిళనాడులో నిలిచి ఉన్నది. పల్లె నీటిలో క్లోరిను ఉన్నదా, దోమ ఎక్కడ పుట్టుచున్నది, ఏ వీధిలో జ్వరములు ఎక్కువైనవి అని చూచుటకే ఉద్యోగులు ఉన్నారు.

మందుల సంగతి మరొకటి. 1994లో ఈ రాష్ట్రము మందులు కొనుటకు ప్రత్యేకముగా ఒక సంస్థను పెట్టినది. తమిళనాడు వైద్య సేవల కార్పొరేషన్ అని దాని పేరు. ఇది నడిచే పద్ధతి మన సొసైటీ సభ్యులకు సులభముగా తెలుస్తుంది, ఎందుకంటే ఇదీ పాసుపుస్తకము వ్యవహారమే. ప్రతి ఆసుపత్రికి, ప్రతి ఆరోగ్య కేంద్రమునకు ఒక పాసుపుస్తకము ఉంటుంది. సంవత్సరమునకు ఇంత విలువగల మందులని అందులో జమ ఉంటుంది. జిల్లాలోని గిడ్డంగికి పోయి, మనము నూలు ఎత్తినట్లు, వారు మందులు ఎత్తుకొని వస్తారు. ప్రతి విడత సరకులో నమూనాలు తీసి ప్రయోగశాలలో పరీక్ష చేయించిన తరువాతనే గిడ్డంగి దాటనిస్తారు. "సర్కారు మాత్ర సుద్దముక్క" అని మనలో కొందరు తీసిపారవేస్తారు గదా, వారు ఈ సంగతి తెలిసికొనవలెను. గిడ్డంగిలో నిలువ ఉన్నది కాబట్టి దారులు మూసినప్పుడు కూడ జిల్లాలో మందు ఉంటుంది. 2020లో మన పెద్దాయనకు కొరతపడినది మందు కాదు. గిడ్డంగి నుండి ఆయన గుంట దాకా గల చివరి పది మైళ్ళు.

ఆ పది మైళ్ళ సంగతి ప్రభుత్వమువారికీ తెలియకపోలేదు. తమిళనాడులో 2020 నాటి ఆరోగ్య సర్వేలో తేలిన సంగతి ఇది: రక్తపుపోటు ఉన్నవారు నూరుమందిలో అది అదుపులో ఉన్నవారు ఏడెనమండుగురే, చక్కెర జబ్బు ఉన్నవారిలో అదుపులో ఉన్నవారు పదిమంది చొప్పున. మిగిలినవారికి తమకు జబ్బు ఉన్నదనే తెలియదు, లేక తెలిసినా మందు సరిగా వేసుకొనరు. మగ్గము మీద దినమంతా కూర్చొనే మనకు ఈ లెక్క మరింత కష్టముగా తగులుతుంది. నడుము కదలదు, నడక లేదు, గుంటలో చెమ్మ. తలనొప్పి వస్తే టీ త్రాగి మళ్ళీ కూర్చుంటాము.

2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ఒక పథకమును ప్రారంభించినారు. తమిళములో దాని పేరు 'మక్కళై తేడి మరుత్తువం', అనగా ప్రజలను వెదకికొనుచు వచ్చే వైద్యము. రాష్ట్రమంతటికీ ఉద్దేశించిన ఆ పథకము మొదలైనది మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో. ఊరి పేరు వింటేనే అది ఎవరి పల్లెయో తెలుస్తున్నది! స్వయం సహాయక సంఘముల స్త్రీలను ఆరోగ్య స్వచ్ఛంద సేవికలుగా తీసుకొని, శిక్షణ ఇచ్చి, ఇంటింటికి పంపుతున్నారు. 45 ఏండ్లు దాటినవారికి, కదలలేనివారికి రక్తపుపోటు, చక్కెర మందులు ఇంటి వద్దనే ఇస్తారు. పక్షవాతము వచ్చి పడియున్నవారికి వ్యాయామ చికిత్స చేసేవారు వస్తారు. నయము కాని జబ్బుతో బాధపడేవారికి నొప్పి తగ్గించే నర్సు వస్తుంది. 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సంస్థల ఉమ్మడి కార్యదళము వారు ఈ పథకమునకు పురస్కారమిచ్చినారు.

మేము పైన చెప్పిన పెద్దాయన ఇంటికి కూడ ఇప్పుడు ఆ వ్యాయామ చికిత్స చేసేవారు వస్తున్నారు. బిగుసుకుపోయిన వ్రేళ్ళు కొంచెము విచ్చుకొన్నవి. కండెలు అందించగలుగుతున్నాడు. ఒక సంవత్సరము ముందుగా వచ్చి ఉంటే అని ఆ ఇంటివారు అంటారు. ఏమి జవాబు చెప్పగలము?

ఈ పథకము రక్తపుపోటుకు గదా, మహమ్మారికి దీనికి సంబంధమేమి అని ఒక యువ సభ్యుడు మమ్ము అడిగినాడు. సంబంధము ఆ సేవిక చేతిలోని పుస్తకములో ఉన్నది. ఏ వీధిలో, ఏ ఇంటిలో, ఎంత వయసువారు, ఏ జబ్బుతో, ఏ మందు మీద ఉన్నారో అందులో ఉన్నది. రేపు ఏదో జ్వరము వస్తే ముందుగా ఎవరిని కాపాడవలెనో ఆ పుస్తకము చెబుతుంది. టీకా వస్తే ఎవరికి ముందు వేయవలెనో చెబుతుంది. ఒకే వీధిలో నలుగురికి ఒకే వారములో దగ్గు, జ్వరము వస్తే ఆ సంగతి ముందుగా ఆమె చెవిలోనే పడుతుంది. అన్నిటికంటె పెద్ద మాట, ఆమె చెప్పితే మనవారు నమ్ముతారు. మూతిగుడ్డ కట్టుకొని జీపులో వచ్చిన కొత్త మనిషి చెప్పితే నమ్ముతారా? 2021లో టీకా అంటే పొలములోకి పరుగెత్తినవారిని మేము ఎరుగుదుము.

ఇక్కడ పట్టుపురుగుల సంగతి ఒకటి చెప్పకుండ ఉండలేము. మల్బరీ జాతులను, పట్టుపురుగుల జాతులను భద్రపరచే కేంద్ర పట్టు మండలివారి కేంద్రము మన హోసూరులోనే ఉన్నది. 1865లో ఫ్రాన్సు దేశములో పెబ్రిన్ అనే తెగులు పట్టుపంటను తుడిచిపెట్టుచుండగా లూయీ పాశ్చర్ అనే శాస్త్రజ్ఞుని అక్కడికి పంపినారు. అంతకు ముందు ఆయన పట్టుపురుగును పట్టి చూచినవాడు కాడు. అయినను ఆలెస్ అనే ఊరి ప్రాంతములో అయిదేండ్లు శ్రమపడి ఉపాయము కనిపెట్టినాడు. తెగులు తల్లి నుండి గుడ్డుకు వస్తుంది. పురుగు పెరిగి తెగులు బయటపడిన తరువాత చేయగలిగినది లేదు. కాబట్టి గూడు చీల్చుకొని వచ్చిన ఒక్కొక్క తల్లి రెక్కలపురుగు చేత విడివిడిగా గుడ్లు పెట్టించవలెను. తరువాత ఆ తల్లిని నూరి సూక్ష్మదర్శినిలో చూడవలెను. తెగులు కణము కనిపిస్తే దాని గుడ్లన్నీ కాల్చివేయవలెను. నూటయాభై ఏండ్లు గడచినను గుడ్ల కేంద్రములలో నేటికీ చేసేది ఇదే. తెగులు లేని ఏట కూడ ఈ పరీక్ష మానరు. పంట బాగున్నది గదా, సూక్ష్మదర్శిని దగ్గర కూర్చున్నవారికి జీతమెందుకు అని ఎవరైనా అంటే పట్టురైతు నవ్వుతాడు. ఆరోగ్య ఉపకేంద్రము విషయములో మాత్రము ఆ ప్రశ్న మన పెద్దమనుష్యులు అడుగుతూనే ఉంటారు.

2022 జనవరి 12న కృష్ణగిరికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. చాల సంతోషము. పక్షవాతము వచ్చినవారిని సేలముకో బెంగుళూరికో మోసుకుపోయే బాధ కొంత తగ్గినది. కాని కళాశాల భవనమునకు పూలదండ వేసే చేతులు ఉపకేంద్రము కప్పు కారుతున్నదా అని చూచుటకు రావు. భవనము కనిపిస్తుంది. రాకుండ ఆగిన పక్షవాతము కనిపించదు.

లోపములు లేవని మేము అనము. మొదటిది భాష. మనకు ఇంటిలో తెలుగు, బడిలో తమిళము, సంతలో కన్నడము. వ్యాపారమునకు ఈ మూడూ చాలును. కాని జబ్బు పడిన ముసలిది తన బాధ చెప్పుకొనవలెనంటే అమ్మ నేర్పిన మాటయే వస్తుంది. "గుండెలో పట్టేసిండాది" అన్నదానిని అర్థము చేసికొనలేని మనిషి ఎంత చదివినా ఆ పూటకు ఉపయోగపడదు. సేవికలలో స్థానికులు ఎక్కువ కాబట్టి మాట కలుస్తున్నది. కాని మందు ఎట్లు వేసుకొనవలెనో చెప్పే కాగితము, మహమ్మారి వచ్చినప్పుడు అంటించే ప్రకటన, ఫోనులో వినిపించే హెచ్చరిక తమిళములో మాత్రమే ఉంటే మన ఇండ్లలోని నాయనమ్మలకు అవి అందవు. తెలుగు, కన్నడములలో కూడ వేయించుటకు ఖర్చు పెద్దది కాదు.

రెండవది ఎల్ల. హోసూరు నుండి బెంగుళూరు ఇరవై అయిదు మైళ్ళే. ఇటువైపు కుప్పము పోతే అక్కడ మరొక వైద్య కళాశాల. మనవారు అవసరమును బట్టి ఎటువైపైనా పోతారు. జబ్బుకు రాష్ట్రపు ఎల్ల లేదు, కాగితమునకు మాత్రము ఉన్నది. 2020లో ఎల్ల దాటవలెనంటే ఈ-పాసు కావలసినది. అది ఫోనులో తీసికొనుట తెలియక ఆగిపోయినవారున్నారు. మూడు రాష్ట్రముల అధికారులు మంచిరోజులలోనే కూర్చొని, క్యాన్సరు రోగి, మూత్రపిండముల జబ్బు రోగి, కాన్పుకు పోయే స్త్రీ ఏ కాగితముతో దాటవచ్చునో వ్రాసి పెట్టుకొనవలెను. గేటు పడిన తరువాత ఆలోచించే విషయము కాదిది. ఇప్పుడు 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఒకటి ఇస్తున్నారు, దేశములో ఎక్కడైనా చెల్లుతుంది. తీసికొనుట మంచిదే. అయితే మందుల పేర్లు వ్రాసిన చీటీ ఒకటి చొక్కా జేబులో కూడ ఉండవలెనని మేమంటాము. ఫోనులో ఛార్జి అయిపోవచ్చును.

మూడవది ఆ సేవికల సంగతే. వారికి ఇచ్చేది జీతము కాదు, ప్రోత్సాహక పైకము. ఎండలో వానలో తిరిగి, రోగము ఉన్న ఇంటికి కూడ పోవలసిన మనిషికి నిలకడగల జీతము లేకపోతే ఎన్నాళ్ళు నిలుస్తుంది? కూలి గిట్టని మగ్గము ఖాళీ అయినట్లే ఆ సంచీ ఖాళీ అవుతుంది. ఈ లెక్క మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మరొక చిక్కు మన వృత్తిలోనే ఉన్నది. 2024లో ఈ పథకమును కార్మికులు పనిచేసే చోట్లకు కూడ విస్తరించినారు. హోసూరు ఫ్యాక్టరీలలో పనిచేసే మన పిల్లలకు దానివలన మేలు కలుగును. నేతగానికి ఇల్లే ఫ్యాక్టరీ. ఇంటింటి జాబితా చూస్తే అతడు 45 దాటనివాడు, ఫ్యాక్టరీ జాబితా చూస్తే అతడు కార్మికుడే కాడు. ముప్పది అయిదేండ్లకే రక్తపుపోటు పట్టుకొన్న నేతగాండ్రను మేము చూస్తున్నాము. ఈ నడిమి వయసువారిని అందుకొనుటకు సొసైటీయే తగిన చోటు. కూలి పంచే రోజున అందరూ అక్కడికి వస్తారు. ఆ రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువారిని పిలిచి ఒక బల్ల వేయిస్తే ఒక్క పూటలో అందరికీ పరీక్ష అయిపోతుంది. కేంద్రపు వైద్యాధికారికి ఒక వినతి వ్రాసి, కార్యదర్శి సంతకముతో ఇస్తే చాలును. చీర మడత చూచినంతసేపు పట్టదు.

సొసైటీలో మరొక జాబితా కూడ వ్రాసి పెట్టవచ్చును. మన సభ్యుల ఇండ్లలో ఒంటరిగా ఉన్న ముసలివారెవరు, రోజూ మందు వేసుకొనేవారెవరు, నెలలు నిండుతున్నవారెవరు, మోటారు సైకిలు ఎవరికి ఉన్నది, తెలుగు, తమిళము రెండూ చదువగలిగిన పిల్లలెవరు. దారులు మూసిననాడు ఆ మోటారు సైకిలు కుర్రవాడు ఆరోగ్య కేంద్రమునకు పోయి, ఇరవై ఇండ్ల మందులు ఒక్కసారిగా తేగలడు. 2020లో అటువంటి జాబితా ఒకటి మన దగ్గర ఉండి ఉంటే పెద్దాయన మాత్రల అట్ట ఖాళీగా ఉన్నదని మరొకరికైనా తెలిసేది.

ఉపకేంద్రములో నర్సు ఖాళీగాని, తెలుగు ప్రకటనల సంగతిగాని అడుగుటకు గ్రామసభ ఉన్నది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో ప్రతి పంచాయతీలో జరుగుతుంది. అక్కడ తెలుగులో మాట్లాడినా వింటారు, పుస్తకములో తీర్మానము వ్రాస్తారు. వ్రాసినదాని నకలు అడిగి తెచ్చుకొనండి. పోయేటప్పుడు ఇంటిలోని మందుల చీటీలు, సొసైటీ జాబితా వెంట తీసుకొనిపోండి. హోసూరు కార్పొరేషన్ హద్దులలో ఉన్నవారు తమ వార్డు సభ్యుని అడుగవలెను. సేవిక ఇంతవరకు గడప తొక్కని ఇల్లు మీదైతే, 104 నంబరుకు ఫోను చేసి మీ ఉపకేంద్రము ఏదో కనుక్కొని, అక్కడి నర్సుకు ఇంటి చిరునామా ఇచ్చి రండి.